ఒక్క ప్రార్థనలో ఎన్ని భాషలు? రుమేనియన్ క్రైస్తవ పదాల పుట్టుక

బుకారెస్ట్‌లో పార్లమెంటు భవనం వెనకాల కట్టిన మహా దేవాలయం కొన్నేళ్లుగా వార్తల్లో ఉంది. 2018 నవంబర్ 25న దాని బలిపీఠాన్ని ప్రతిష్ఠించారు. రుమేనియన్ చర్చి అధిపతి అయిన పాట్రియార్క్ పీఠానికి నూరేళ్లు నిండిన 2025లో లోపలి మొజాయిక్ చిత్రాలకూ ప్రతిష్ఠ జరిగింది. దానికైన ఖర్చు గురించి, ప్రభుత్వ నిధుల గురించి ఆ దేశంలో చాలా వాదనలు నడిచాయి. మన చర్చ మాత్రం దాని పేరు గురించి. 'కతెద్రాల మింతువీరీ న్యాములుయ్', అంటే జాతి రక్షణ మహాదేవాలయం.

అందులో ఉన్నవి మూడే మాటలు. 'కతెద్రాల' ఆధునిక కాలంలో పశ్చిమ యూరప్ భాషల నుంచి తెచ్చుకున్నది. 'మింతువీరె' అంటే రక్షణ. దాని మూలం కాపాడటం అనే అర్థమున్న హంగేరియన్ క్రియ 'మెంత్'. 'న్యామ్' అంటే జాతి, అదీ హంగేరియన్ 'నెమ్' నుంచే వచ్చింది. రుమేనియన్ చూస్తే లాటిన్ బిడ్డ. ఆ ప్రజల మతం బైజాంటియమ్ నుంచి, అంటే గ్రీకు మాట్లాడే తూర్పు రోమన్ సామ్రాజ్యం నుంచి వచ్చిన ఆర్థడాక్స్ క్రైస్తవం. అయినా దేశంలోకెల్లా పెద్ద గుడి పేరులో రోమన్ల కాలం నుంచి నోటినోటా దిగివచ్చిన మాట ఒక్కటీ లేదు, బల్గేరియన్లు, రష్యన్ల వంటి స్లావ్ ప్రజల మాటా లేదు. అలాంటప్పుడు ఈ ప్రజలకు దేవుడు, పాపం, పరలోకం అన్న మాటలు ఎవరి నోటి నుంచి అందాయి? రుమేనియాలో ఇది భాషా శాస్త్రవేత్తలకే పరిమితమైన ప్రశ్న కాదు. తమ పూర్వీకులు ఎవరు, ఎక్కడ ఉండేవారు అన్న పాత తగవు కూడా ఇందులోనే ఇమిడి ఉంది.

ముందు కొంత చరిత్ర

రోమన్ చక్రవర్తి ట్రాజన్ రెండు యుద్ధాలు చేసి 106లో డాసియాను గెలిచాడు. నేటి రుమేనియాలోని ట్రాన్సిల్వేనియా, నైరుతి భాగాలు ఆ రాష్ట్రంలో ఉండేవి. అక్కడ లాటిన్ వేళ్లూనింది. సుమారు 271–275 మధ్య అరేలియన్ చక్రవర్తి సైన్యాన్ని, అధికార యంత్రాంగాన్ని డాన్యూబ్ నదికి దక్షిణంగా మళ్లించాడు. ఇక్కడ తేదీలు ముఖ్యం. క్రైస్తవానికి చట్టబద్ధత దొరికింది 313లో, అంటే రోమ్ డాసియాను వదిలిన నలభై ఏళ్ల తర్వాత. ఆరు, ఏడు శతాబ్దాల్లో స్లావ్ తెగలు డాన్యూబ్ రెండు గట్లకూ వచ్చి స్థిరపడ్డాయి.

తొమ్మిదో శతాబ్దంలో సిరిల్, మెథోడియస్ అనే సోదరులు క్రైస్తవ గ్రంథాలను స్లావ్ భాషలోకి అనువదించారు. ఆ భాషనే ప్రాచీన స్లావొనిక్ అంటారు. వాళ్ల శిష్యులు 886లో బల్గేరియాకు చేరారు. అప్పటి నుంచి ఆ ప్రాంతమంతటా పూజకూ చదువుకూ అదే భాష అయింది. రుమేనియన్లు ఇంట్లో లాటిన్ బిడ్డను మాట్లాడుతూ, గుడిలో మాత్రం పదిహేడో శతాబ్దం దాకా స్లావొనిక్ వింటూ వచ్చారు. వల్లాకియా, మోల్దావియా సంస్థానాల దర్బారు పత్రాలూ ఆ భాషలోనే రాసేవారు.

తద్భవాన్ని పట్టుకోవడం

ఒక మాట పాతదో తర్వాత వచ్చిందో తేల్చడానికి మన వ్యాకరణం చెప్పే తత్సమ, తద్భవ విభజన బాగా పనికొస్తుంది. నోళ్లలో నలిగి రూపం మారినది తద్భవం. పుస్తకం నుంచి ఉన్నదున్నట్టు ఎత్తుకున్నది తత్సమం. నలిగే తీరుకు నియమాలు ఉంటాయి కాబట్టి, వాటిని బట్టి ఏది ముందో ఏది వెనకో చెప్పవచ్చు.

రుమేనియన్‌లో అలాంటి నియమాల్లో ఒకటి, రెండు అచ్చుల మధ్య ఉన్న 'ల' కారం 'ర'గా మారడం. సూర్యుణ్ణి లాటిన్‌లో 'సోలెమ్' అంటే ఇక్కడ 'స్వారె' అయింది. ఆకాశం 'కేలుమ్' కాస్తా 'చెర్' అయింది. ఇదే నియమం మత పదాల్లోనూ కనిపిస్తుంది. దేవదూత 'ఆంగెలుస్' ఇక్కడ 'ఇంజెర్', చర్చి భవనం 'బసీలికా' ఇక్కడ 'బిసేరిక'. ఇప్పుడు స్లావ్‌ల నుంచి వచ్చిన 'మీల' అనే మాట చూడండి. కనికరం అని దాని అర్థం. ఇందులో 'ల' అలాగే ఉండిపోయింది. అంటే ఈ మాట వచ్చే నాటికి 'ల' మారే కాలం అయిపోయింది. కాబట్టి స్లావ్‌ల మాటలు రాకముందే ఇంజెర్, బిసేరిక జనం నాలుక మీద ఉన్నాయి. చేతిరాత ప్రతి ఒక్కటి కూడా లేని కాలం గురించి ఇంత గట్టిగా చెప్పగలగడం భాషా శాస్త్రం సాధించిన గొప్ప పని అని నా అభిప్రాయం.

లాటిన్ పొర: విశ్వాసపు పునాది మాటలు

క్రైస్తవుడు 'క్రెష్తీన్', సిలువ 'క్రూచె', బాప్తిస్మం 'బొతేజ్', విశ్వసించడం 'క్రేదె', ప్రార్థన 'రుగచూనె', అన్యమతస్థుడు 'పగిన్'. ఇవన్నీ లాటిన్ తద్భవాలే. దయ్యాన్ని 'ద్రాక్' అంటారు. అది డ్రాగన్ అనే అర్థమున్న లాటిన్ 'ద్రాకో' నుంచి వచ్చింది. పాపం 'పకాత్', లాటిన్‌లో 'పెక్కాతుమ్'. ఎవరికైనా కష్టం వస్తే మనం 'అయ్యో పాపం' అన్నట్టే రుమేనియన్లూ 'చె పకాత్' అంటారు. ఒకే మాట అటు దోషానికీ ఇటు జాలికీ పనికొస్తుంది.

దేవుణ్ణి 'దుమ్నెజేవ్' అంటారు. ఇది ప్రార్థనల్లో వినిపించే 'దోమినె దేయుస్', అంటే 'ప్రభువైన దేవా' అన్న పిలుపు ఒకే మాటగా అతుక్కుని తయారైంది. విడిగా 'జేవ్' అన్న మాటా ఉంది గానీ అది గ్రీకు, రోమన్ పురాణాల దేవుళ్లకు వాడేది. ఏకైక దేవుడికి జంట పేరు, పాతవాళ్లకు విడి పేరు. కొత్త మతంలోకి వస్తున్న జనం ఆ తేడాను పేరులోనే చూపించుకున్నారు.

'బిసేరిక' కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. క్రైస్తవ సంఘాన్ని గ్రీకులో, దాన్నుంచి లాటిన్‌లో 'ఎక్లేసియా' అన్నారు. ఇటాలియన్, ఫ్రెంచ్, స్పానిష్ భాషలు చర్చికి వాడే మాటలన్నీ దాని వారసులే. రుమేనియన్ మాత్రం 'బసీలికా'ను పట్టుకుంది. బసీలికా మొదట రోమన్ నగరాల్లో కోర్టులూ వ్యాపారాలూ నడిచే పెద్ద హాలు. నాలుగో శతాబ్దంలో రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ ప్రోత్సాహంతో ఆ నమూనాలో చర్చిలు కట్టడంతో ఆ పేరు చర్చికి అంటింది. స్విట్జర్లాండ్‌లోని రొమాన్ష్ భాషలోనూ ఇదే మాట 'బసెల్జా'గా మిగిలింది. ఈ పేరు పాతుకుపోవడానికి అనువైన కాలం నాలుగో శతాబ్దమేనని ఎక్కువమంది ఒప్పుకుంటారు.

పంచాంగంలోనూ ఈ పొర కనిపిస్తుంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా వారాల పేర్లు చంద్రుడు, మార్స్, మెర్క్యురీ, జూపిటర్, వీనస్‌లవి. ఆదివారం మాత్రం 'దుమీనిక', ప్రభువు దినం. నలభై రోజుల ఉపవాస కాలానికి 'పరేసిమి' అని పాత పేరు. లాటిన్ 'క్వద్రగేసిమా'లోని 'క్వ' ఇక్కడ 'ప' అయింది, నీటికి 'ఆక్వా' నలిగి 'ఆప' అయినట్టే. రెండు ఉపవాసాల మధ్య మాంసం, పాల పదార్థాలు తినే రోజుల్ని 'కిష్లెజ్' అంటారు. అందులో ఉన్నవి చీజ్ అనే అర్థమున్న 'కాసెయుమ్', కట్టడం అనే అర్థమున్న 'లిగారె'. చీజ్‌ను కట్టిపెట్టే సమయమన్నది అసలు అర్థం. పల్లెటూరి వంటింట్లో పుట్టిన మాట ఇది, బిషప్ రాతల్లోంచి వచ్చేది కాదు.

స్లావ్ పొర: గుడి నడిచే తీరు

పూజారి వ్యవస్థ దగ్గరికి వచ్చేసరికి భాష మారిపోతుంది. పరిశుద్ధం 'స్ఫింత్', ఆత్మ 'దూహ్', స్వర్గం 'రై', నరకం 'యాద్', పూజ 'స్లూజ్బ', సాయంకాల ప్రార్థన 'వెచేర్నియె', ప్రవక్త 'ప్రొరోక్', మర్మం 'తైన', బిషప్ 'వ్లాదిక', మఠాధిపతి 'స్తారెత్స్'. ఇవన్నీ స్లావొనిక్ నుంచి వచ్చినవే.

ఇందులో చాలా మాటలకు స్లావ్‌లే మధ్యవర్తులు, సరుకు గ్రీకులది. గ్రీకు 'ఐకోన్' స్లావ్‌లకు 'ఇకోన', రుమేనియన్లకు 'ఇక్వాన'. 'మంచి ముసలాయన' అనే అర్థమున్న గ్రీకు మాట స్లావ్‌ల ద్వారా వచ్చి సన్యాసికి 'కలూగర్' అయింది. పాతాళ దేవుడు హేడీస్ పేరే 'యాద్' అయింది. చనిపోయినవాళ్ల పేరున పంచిపెట్టే 'కొలీవ'దీ అదే దారి. గోధుమలు ఉడికించి, చక్కెర, అక్రోట్లు కలిపి, పైన సిలువ గుర్తు వేసి గుడికి తెస్తారు. అక్కడ మృతుల పేర్లు చదివాక అందరికీ పంచుతారు. అలా పేరున ఇచ్చే దానాన్ని 'పొమాన' అంటారు. స్మరించడం అన్న స్లావ్ మాట నుంచే అది వచ్చింది.

అయితే పాత మాట పోయి కొత్తది కూర్చుందని ప్రతిచోటా అనలేం. పరిశుద్ధుడు అన్న అర్థంలో లాటిన్ 'సాంక్తుస్' నుంచి వచ్చిన 'సిన్' ఒకప్పుడు ఉండేది. ఇప్పుడు ఒంటరిగా వాడరు గానీ పండగల పేర్లలో, ఊళ్ల పేర్లలో దాగి ఉంది. పేతురు పండగ 'సింపేత్రు', మరియ పండగ 'సింతమరీయె'. పూజారికి రెండు పేర్లూ బతికాయి. లాటిన్ నుంచి 'ప్రెయోత్', స్లావ్‌ల నుంచి 'పోప'. స్లావొనిక్ పండితుల భాష కాబట్టి 'పోప' గౌరవ పదం అవుతుందని ఎవరైనా అనుకుంటారు. వాడుకలో అది తలకిందులైంది. మర్యాదగా చెప్పేటప్పుడు ప్రెయోత్, ఊరి కబుర్లలో పోప.

లాటిన్ నుంచి స్లావ్‌లకు వెళ్లి, తిరిగి రుమేనియన్‌కు వచ్చినవీ ఉన్నాయి. పెంతెకొస్తు పండగ 'రుసాలీ' అలాంటిదే. రోమన్ల గులాబీల పండగ 'రొసాలియా' గ్రీకు, స్లావ్ భాషల మీదుగా చుట్టు తిరిగి ఇక్కడికి చేరింది.

పరలోక ప్రార్థనలో లెక్క

ఈ పొరలు ఎలా కలిసి పనిచేస్తాయో చూడాలంటే క్రీస్తు నేర్పిన పరలోక ప్రార్థన చాలు. 'తాతల్ నోస్త్రు, కారె యెష్త్ ఇన్ చేరుర్': పరలోకమందున్న మా తండ్రీ. ఈ మొదటి పాదమంతా లాటినే. తర్వాతి పాదంలో నామం 'నూమె' లాటిన్, పరిశుద్ధపరచడం మాత్రం స్లావ్ 'స్ఫింత్' నుంచి వచ్చిన క్రియ. రాజ్యం 'ఇంపరత్సీయె'లో రోమన్ చక్రవర్తి 'ఇంపెరాతోర్' ఉన్నాడు. చిత్తం 'వోయె' స్లావ్. భూమి 'పమింత్', లాటిన్‌లో చదును చేసిన నేల అనే అర్థమున్న 'పవిమెంతుమ్'. రొట్టె 'పియ్నె' లాటిన్. క్షమించడం 'యెర్తా' లాటిన్ 'లిబెర్తారె' నుంచి వచ్చింది, విడుదల చేయడమని దాని అసలు అర్థం. క్షమించమని అడిగే తప్పులు 'గ్రెషేలె' మాత్రం స్లావ్. చివర్న శోధన 'ఇస్పీత', విడిపించడం 'ఇజ్‌బవి', రెండూ స్లావే. దుష్టుడు 'రవ్' మళ్లీ లాటిన్.

మొత్తం మీద స్లావ్ మూలాలు ఐదు. ముగింపులో పూజారి పలికే మహిమ వాక్యంలోని 'స్లావ'తో ఆరు. మిగిలినదంతా, మాటల్ని కలిపే వ్యాకరణంతో సహా లాటిన్. తండ్రి, రొట్టె, నేల, ఆకాశం వంటి ఇంటి మాటలు లాటిన్‌లో ఉంటే, శోధన, విడిపించడం, పరిశుద్ధత వంటి బోధకుల మాటలు స్లావ్‌లో ఉన్నాయి. ఇక్కడ కూడా 'పాపం లాటిన్, తప్పు స్లావ్' అన్నట్టు కలగాపులగమే కాబట్టి, ఈ విభజనను గీత గీసినట్టు పట్టుకోకూడదు.

లొంగని మాట: క్రచూన్

క్రిస్మస్‌ను రుమేనియన్‌లో 'క్రచూన్' అంటారు. దీని పుట్టుక ఇప్పటికీ తేలలేదు. సృష్టి, పుట్టుక అన్న అర్థంలోని లాటిన్ 'క్రెయాతియోనెమ్' అని కొందరు అంటారు. 'రొగాతియోనెమ్' నుంచి రుగచూనె వచ్చిందిగా, చివరి భాగం బాగానే కుదురుతుందని వాళ్ల మాట. అయితే రుగచూనె స్త్రీలింగం, క్రచూన్ కాదు. మొదటి అచ్చు కూడా నియమానికి సరిగ్గా లొంగదు. రోమన్ పూజారులు నెల మొదటి రోజున జనాన్ని పిలిచి చేసే ప్రకటన 'కలాతియో' అన్నది ఇంకో వాదం. స్లావ్ భాషల్లోనూ ఇదే మాట ఉంది, ఉత్తరాన అది శీతాకాలపు అతి చిన్న పగలుకు పేరు. అందుకని అడుగు వేయడం అన్న స్లావ్ మూలాన్ని కొందరు చూపిస్తారు. అల్బేనియన్‌లో మొద్దు అనే అర్థమున్న 'కర్త్సు'తో ముడిపెట్టేవాళ్లు, పండగ రాత్రి పొయ్యిలో కాల్చే దుంగను గుర్తుచేస్తారు. హంగేరియన్ 'కరాచోన్య్' కూడా ఈ కుటుంబానిదే.

ఇన్ని వాదాల్లో ఏదీ గెలవకపోవడానికి కారణం ఉంది. పండగ పేర్లు సరిహద్దులు దాటి ఇరుగుపొరుగు భాషల మధ్య అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాయి. అలా తిరిగినప్పుడల్లా ధ్వని నియమాల జాడ చెరిగిపోతుంది.

పదాలు చరిత్రకు ఎంత సాక్ష్యం?

అసలు తగవు ఇక్కడుంది. బల్గేరియాకు 864, కీవ్‌కు 988 అని బాప్తిస్మం సంవత్సరాలు చెప్పుకుంటారు. ఏ రాజో మారితే వెనక జనం మారారు. రుమేనియన్లకు అలాంటి సంవత్సరం లేదు. పునాది మాటలన్నీ లాటిన్‌వి కాబట్టి, తమ పూర్వీకులు డాన్యూబ్‌కు ఉత్తరానే ఉండి, ఎవరి ఆజ్ఞా లేకుండా నెమ్మదిగా క్రైస్తవులయ్యారని రుమేనియన్ చరిత్రకారుల్లో ఎక్కువమంది వాదిస్తారు. వాళ్లు చూపించే వస్తువుల్లో ముఖ్యమైనది 1775లో ట్రాన్సిల్వేనియాలోని బియెర్తాన్ దగ్గర దొరికిన నాలుగో శతాబ్దపు కంచు మొక్కుబడి. జాలీలా కోసిన అక్షరాలతో 'ఏగో జెనోవియుస్ వోతుమ్ పొసుయి', అంటే 'జెనోవియుస్ అనే నేను ఈ మొక్కు చెల్లించాను' అని దాని మీద ఉంది. దానితో పాటు క్రీస్తు పేరులోని మొదటి రెండు గ్రీకు అక్షరాల చిహ్నమూ ఉంది. సైన్యం వెళ్లిపోయిన తర్వాత కూడా అక్కడ లాటిన్ మాట్లాడే క్రైస్తవుడు ఉన్నాడనడానికి ఇదే రుజువని వాళ్లంటారు.

హంగేరియన్ పండితులు, ఇంకొందరు దీన్ని ఒప్పుకోరు. ఒక కంచు వస్తువు దోపిడీలోనో వ్యాపారంలోనో ఎక్కడి నుంచైనా రావచ్చు. డాన్యూబ్‌కు దక్షిణాన వ్యవస్థీకృతమైన లాటిన్ చర్చి ఉండేది. నేటి సెర్బియాలోని రెమెసియానాకు బిషప్‌గా ఉన్న నికేతా నాలుగో శతాబ్దం చివర్లో అక్కడ లాటిన్‌లోనే బోధించాడు. కాబట్టి ఈ పదాలు దక్షిణాన నేర్చుకుని, తర్వాత ఉత్తరానికి తెచ్చుకున్నవి కావచ్చంటారు. రుమేనియన్‌కు దగ్గరి చుట్టమైన భాష మాట్లాడే గ్రీస్, అల్బేనియా, ఉత్తర మాసిడోనియాల్లోని అరుమేనియన్లు కూడా చర్చికి, దేవుడికి ఇవే మాటలు వాడతారన్నది వాళ్లకు బలం.

నా లెక్కలో ఈ మాటలు 'ఎప్పుడు' అన్నది చెప్పగలవు, 'ఎక్కడ' అన్నది చెప్పలేవు. స్లావ్‌లకు ముందే, లాటిన్‌లోనే ఈ ప్రజలకు క్రైస్తవం అందిందని ధ్వని నియమాలు రుజువు చేస్తాయి. నదికి ఏ గట్టున అందిందో ధ్వనుల్లో ఉండదు. అరుమేనియన్ల సాక్ష్యం కూడా వాళ్లు విడిపోకముందే ఈ మాటలు ఉన్నాయనే చెబుతుంది, ఆ ఉమ్మడి ఇల్లు ఎక్కడుందో చెప్పదు.

ఇంకో సంగతిని రెండు పక్షాలూ ఒప్పుకుంటాయి. బిషప్‌కు లాటిన్ మాట 'ఎపిస్కోపుస్' ఇటాలియన్‌లో నలిగి బతికింది, రుమేనియన్‌లో బతకలేదు. బిషప్ ఉండేది నగరంలో. ఈ ప్రాంతంలో నగర జీవితమే కూలిపోయింది. నగరం అనే అర్థమున్న 'కివితాతెమ్' ఇక్కడ కోట అనే అర్థంలో 'చెతాతె'గా మిగిలింది. నగరానికి ఇప్పుడు వాడే 'ఒరాష్' హంగేరియన్ నుంచి వచ్చింది. నగరంతో పాటే అక్కడి పెద్ద పూజారి పేరూ పోయింది. తర్వాత చర్చి వ్యవస్థను మళ్లీ నిలబెట్టినప్పుడు ఆ ఖాళీలను స్లావొనిక్ నింపింది.

అనువాదకుల చేతిలో

రుమేనియన్‌లో మనకు దొరికిన తొలి రాత 1521 నాటి ఒక వ్యాపారి ఉత్తరం. అందులోనూ మొదలు, చివర స్లావొనిక్‌లోనే ఉన్నాయి. బ్రషోవ్‌లో కొరేసి అనే డీకన్ 1560–61లో సువార్తల్ని రుమేనియన్‌లో అచ్చువేశాడు. 1648లో ఆల్బా యూలియాలో వెలువడిన కొత్త నిబంధన ముందుమాటలో మెట్రోపాలిటన్ (బిషప్‌లకు పెద్ద) సిమియోన్ స్తెఫాన్ ఒక చక్కని మాట రాశాడు: మాటలు నాణేల్లా ఉండాలి, అన్ని సీమల్లో చెల్లేవే మంచి నాణేలు, అందరికీ అర్థమయ్యేవే మంచి మాటలు. 1688లో బుకారెస్ట్‌లో బైబిల్ మొత్తం వచ్చింది.

ఈ అనువాదకులు స్లావొనిక్‌ను మొత్తం ఊడ్చేయలేదు. చెల్లుతున్న స్ఫింత్, దూహ్, రై వంటివి ఉంచుకున్నారు. కొన్నింటిని మాత్రం ముక్కముక్కగా లాటిన్ మూలాల్లోకి మార్చారు. 'దేవుని కన్నతల్లి' అన్న స్లావ్ సమాసాన్ని 'నస్కత్వారె దె దుమ్నెజేవ్' అన్నారు. ఆశీర్వదించడానికి స్లావ్ 'బ్లగొస్లొవి' పక్కన 'బినెకువింతా' నిలబెట్టారు, మంచి మాట పలకడమని దాని అర్థం. ఇలాంటి మాటల ఒళ్లు లాటిన్, ఆలోచన బైజాంటియమ్‌ది. వీటిని ఏ పొరలో వేయాలో శాతాలు లెక్కించేవాళ్లకు ఎప్పుడూ చిక్కే.

శుద్ధి ఉద్యమం, రెండు చర్చిల భాష

1700 ప్రాంతంలో ట్రాన్సిల్వేనియా రుమేనియన్లలో ఒక భాగం రోమ్ పోప్‌ను అంగీకరించి గ్రీకు కాథలిక్ చర్చి అయింది. బ్లాజ్ పట్టణం కేంద్రంగా సముయిల్ మికు, ఘెయోర్గె షింకై, పెత్రు మయోర్ వంటి పండితులు తమ భాష లాటిన్ మూలాలను చాటారు. హంగేరియన్ ప్రభువుల కింద హక్కులు లేకుండా ఉన్న జాతికి అది ఆత్మగౌరవ పోరాటం, దాన్ని తక్కువ చేయలేం. తర్వాతి తరం హద్దు దాటింది. 1870లలో లౌరియన్, మాసిమ్ తయారుచేసిన నిఘంటువు, లాటిన్ కాని మాటల్ని వేరే సంపుటంలోకి నెట్టేసింది. అలా ఎవరూ మాట్లాడరు కాబట్టి అది నిలవలేదు.

ఆ కాలపు గుర్తులు ప్రార్థనల్లో మాత్రం మిగిలాయి. పరిశుద్ధాత్మను ఆర్థడాక్స్‌లు 'స్ఫింతుల్ దూహ్' అంటే, గ్రీకు కాథలిక్కులు 'స్పీరితుల్ స్ఫింత్' అంటారు. ప్రభువా కనికరించు అన్న మొర ఆర్థడాక్స్ గుళ్లలో 'ద్వామ్నె మిలుయేష్తె'. మొదటిది లాటిన్ 'దోమినె' అన్న సంబోధన, విభక్తితో సహా అలాగే దిగివచ్చింది. రెండోది 'ల' మారని ఆ స్లావ్ 'మీల' నుంచి పుట్టిన క్రియ. గ్రీకు కాథలిక్కులు 'ద్వామ్నె, ఇందూరతె స్ప్రె నోయ్' అంటారు. లాటిన్‌లో 'ఇందురారె' అంటే గట్టిపడటం, ఓర్చుకోవడం. రుమేనియన్ నోట అది కరుణించడం కూడా అయింది. 1948లో కమ్యూనిస్టు ప్రభుత్వం గ్రీకు కాథలిక్ చర్చిని నిషేధించింది. 1989 చివర్లో నిషేధం తొలగే దాకా వాళ్లు ఈ మాటల్ని ఇళ్లలో చాటుగానే పలుకుతూ వచ్చారు.